పాలు మాన్పిన దూడలపై కుట్ర

"ఈసారి ఫెయిలయ్యావంటే మూసేది కేసు ఫైలు కాదు, నీ ఉద్యోగం ఫైలు."

చీఫ్ రాజారావు చూసిన చూపుకు మేడ్చల్ ఇరానీ హోటల్లో ఏజెంట్ రాఘవేందర్ చాయ్ విరిగిపోయింది.

"శామీర్‌పేట్ దగ్గర గౌరయ్య డెయిరీ. పాలు మానిన దూడ చిక్కిపోతుంది కదా? మనవాళ్లు దాణాలో లైసిన్, మెథియోనిన్ పౌడర్ కలుపుతున్నారు. అమైనో యాసిడ్లయ్యా! దూడలు దున్నల్లా పెరుగుతున్నాయి. రేపు పొద్దున డెలిగేషన్ చూడ్డానికొస్తోంది. విదేశీ సిల్వర్ హార్న్ ముఠాకి కడుపుమంట. డెలిగేషన్ ఎదురుగానే దూడల్ని చంపాలని ప్లాను."

"సస్తే?"

"గౌరయ్య డెయిరీకి తాళం. మన పౌడర్‌కి పాడె. లోపల మన ఏజెంట్ శృతి ఉంది, డాక్టరు వేషంలో. నీది పాలేరు వేషం."

రాఘవేందర్ పిడక ఆకారంలో ఉన్న ఇనుప వైర్‌లెస్ సెట్‌ను సంచిలో వేసుకుని బస్సెక్కాడు. దాని బరువు చూసి కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు.

మర్నాడు పొద్దున డెయిరీలో శృతి ఎదురొచ్చింది. నల్ల కళ్లద్దాలు, తెల్ల కోటు, ఎర్ర లిప్‌స్టిక్. ఆమె నడిచొస్తుంటే ఆవులు నెమరు ఆపేశాయి.

"దూడకు పండ్లొచ్చినయా?" కోడ్ వర్డ్ అడిగాడు.

"వచ్చాయి. కరుస్తుంది," అంది కరిచినట్టే. "గ్లౌజులు తొడుక్కో. వట్టి చేత్తో పౌడర్ ముట్టుకున్నావో, చీఫ్‌కి రిపోర్ట్ చేస్తా."

ఇద్దరికీ మొదట్నుంచీ పడదు. పళ్లు నూరుకుంటూ గ్లౌజులు తొడుక్కున్నాడు. శృతి చూపించిన సంచుల్లోని పౌడర్‌ను గోరువెచ్చని బెల్లం నీళ్లలో కరిగించి, దాణాకు పట్టించి, పొడుగాటి తొట్టిలో పోశాడు. ఇంక ఒక్క టబ్బు మిగిలింది. అంతలో గౌరయ్య భార్య తారాబాయి ఊడిపడింది.

"ఓ దొరా! గ్లౌజులేసుకోని దాణ కలుపుతవా? పెండ్లికొచ్చినవా, పనికొచ్చినవా? తియ్!"

"మేడమ్ ఏసుకోమన్నది అవ్వా..."

"ఎవనికిరా అవ్వ? నీకు నేను అవ్వ లెక్క కనిపిస్తున్ననా?"

గ్లౌజులు ఊడబెరికి పేడలోకి విసిరింది. రాఘవేందర్ వట్టి చేతులు టబ్బులో ముంచి పౌడర్ కలిపాడు. జివ్వుమంది! గోరువెచ్చని నీళ్లు ఐసులా అయిపోయాయి.

ఆ చలి అతనికి పాత చుట్టం. కుర్రతనంలో దోస్తులతో పొలం గట్టున బీరు తాగాలంటే ఫ్రిజ్ ఎక్కడిది? బకెట్ నీళ్లలో యూరియా పోసి సీసాలు ముంచేవాళ్లు. కాసేపటికి పళ్లు జివ్వుమనేంత చల్లన.

యూరియా! పెద్దావైతే కాస్తో కూస్తో అరిగించుకుంటుంది. మొన్నమొన్న పాలు మానిన దూడకు మాత్రం విషమే.

పిడక తీసి అరిచాడు. "చీఫ్! సంచుల్ల అమైనో లేదు. యూరియా ఉన్నది!"

వీపుకు పిస్టల్ తగిలింది.

"పిడక కింద పడెయ్," అంది శృతి.

"నువ్వా! రెండు దిక్కుల జీతం తింటున్నవా?"

"మీ చీఫ్ ఇచ్చేది నా లిప్‌స్టిక్‌కి చాలదు."

ఆమె రిమోట్ నొక్కింది. కొట్టం గేటు తెరుచుకుంది. ఆకలి మీదున్న నలభై దూడలు తొట్టి వైపు దూకాయి. బయట డెలిగేషన్ కార్ల హారన్లు.

"పడెయ్యమన్నానా!"

"పడేస్తున్న తల్లీ."

పక్కనే ఉన్న ఖాళీ పాల బకెట్లో పడేశాడు. ఠంగ్!

మొన్నటిదాకా ఆ బకెట్ మోగితేనే దూడలకు పాలు. పాలైతే మాన్పించారుగానీ, ఆ మోతను ఎవరు మాన్పిస్తారు? తొట్టిలో మూతి పెట్టబోయిన దూడ తల తిప్పింది. దాని వెనక అన్నీ తిరిగాయి. వాటికీ బకెట్‌కీ మధ్య శృతి నిలబడి ఉంది. పేల్చిన గుండు ఆకాశానికి పోయింది. ఆమె, కళ్లద్దాలు, కోటు అన్నీ కలిసి పేడ గుంటలో మునిగాయి.

"తొట్టి బోర్లించు అవ్వా, జల్దీ! అండ్ల విషమున్నది!"

బకెట్ మోగిస్తూ రాఘవేందర్ రోడ్డెక్కాడు. వెనక దూడలు. వాటి వెనక కట్టెతో గౌరయ్య.

"నా దూడలను ఏడికి కొట్కపోతున్నవ్‌రా దొంగోడా!"

రేసు గుర్రాల్లా పోతున్న దూడల్ని చూసి డెలిగేషన్ కార్లు దిగి చప్పట్లు కొట్టింది.

కాసేపటికి బకెట్లో పిడక మోగింది. "శభాష్! మనవాళ్లు పట్టుకోగానే శృతి నోరు విప్పింది, ముఠా మొత్తం దొరికింది. ఎక్కడున్నావయ్యా?"

"గడ్డి లారీ మీదున్న సార్."

"దిగి రా, ప్రమోషన్ ఇస్తా."

"దిగితే నాకుతయ్ సార్, నలభై ఉన్నయ్. ప్రమోషన్ తర్వాత, ముందైతే పాల ట్యాంకర్ పంపుండ్రి!"