ఊపిరి సందు

ఆ ఐసు ఫ్యాక్టరీ ముందునించి వెళ్ళేటప్పుడు ఈల వెయ్యకూడదు.

మాట్లాడుకోవచ్చు. దగ్గొచ్చు. భయమేస్తే దేవుణ్ణి తలుచుకోవచ్చు, ఏ దేవుణ్ణయినా. ఈల మాత్రం వద్దు. ఎందుకంటే ఊపిరి కోసం మీరు ఆపిన చోట… అది ఆగదు.

కైకలూరు దాటి కొల్లేటి వైపు దిగితే, చేపల చెరువుల గట్టు మీద ఉండేది ఆ ఫ్యాక్టరీ. ఉండేదేమిటి, ఇప్పటికీ ఉంది. రేకులు సగం గాలికి పోయాయి, గోడల్లోంచి రావి మొక్కలు పొడుచుకొచ్చాయి. చేపల లారీల డ్రైవర్లు అక్కడికి రాగానే పాటలు కట్టేసేవారు. మేత బస్తాలు మోసేవాళ్ళు చీకటి పడితే గట్టు మార్చుకుని పోయేవారు. నమ్మనివాళ్ళకి నేను దారి చెప్పేదాన్ని, వెళ్ళి ఈల వేసి రమ్మని. మీసాలు తిప్పిన వీరులు చాలామందే ఉన్నారు గాని, దారి అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఇది నాకు చెప్పినవాడు శ్యామ్ సుందర్. ఏలూరులో మా వీధి చివర ఆటో పెట్టుకుంటాడు. అబద్ధాలు చెప్పడని కాదు. కిరాయి దగ్గర చెబుతాడు, ఓటు దగ్గర చెబుతాడు. కానీ ఇది చెప్పినప్పుడు నేనిచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. శ్యామ్ టీ వదిలేశాడంటే ఆ మాట నేను నమ్మాల్సిందే.

శ్యామ్, అర్షద్ ఒకప్పుడు జంట. బ్యాండు మేళంలో క్లారినెట్లు. ఇద్దరికీ నేర్పింది అర్షద్ తాతగారు, ఇమాం సాహెబ్. అత్తిలి నించి జంగారెడ్డిగూడెం దాకా ఆయన మేళం లేకుండా పెద్ద పెళ్ళి జరగని రోజులు నేను చూశాను.

జంట వాయిద్యానికి ఒక పద్ధతుంది. ఒకడు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవాడు స్వరం పట్టుకుని ఉండాలి. వాడు తీసుకునేటప్పుడు వీడు. వినేవాళ్ళకి ఎక్కడా తెగినట్టు తెలియకూడదు. ఆ చోటుని ఇమాం సాహెబ్ గారు 'ఊపిరి సందు' అనేవారు.

"పాట ఎవడైనా నేరుస్తాడ్రా. పక్కవాడి ఊపిరి ఎప్పుడు అయిపోతుందో వాడికంటే ముందు నీకు తెలియాలి. అదీ విద్య. వాడి సందులో నువ్వు లేకపోతే వాడు నడివీధిలో చచ్చినట్టే."

ఆ తర్వాత అర్షద్ ల్యాప్‌టాప్ కొన్నాడు, మంచి మైకు కొన్నాడు. మొదటి క్లారినెట్ తనే వాయిస్తాడు, రికార్డు చేస్తాడు. అది చెవుల్లో వింటూ రెండోదీ తనే వాయిస్తాడు. ఒకదాని మీద ఒకటి దోసెల్లాగా పేర్చుకుంటాడు. ఊపిరి చప్పుడు వస్తే మౌసుతో కోసేస్తాడు. పెళ్ళి వీడియోలకి ఆ పాటలు బాగానే పోయాయి.

"మరి నేనో?" అన్నాడట శ్యామ్.

"నువ్వు ఎప్పుడూ కాస్త లేటుగా అందుకుంటావురా. పెళ్ళిలో చెల్లిపోయింది. ట్రాకులో దొరికిపోద్ది. నాకైతే నేను సరిగ్గా సరిపోతాను."

"సరిపోతే నీ నిఖాకి కూడా రెండు వైపులా నువ్వే కూర్చో. కలిసొస్తుంది."

అక్కడితో సరి. క్లారినెట్ అమ్మేశానని ఊరంతా చెప్పి శ్యామ్ ఆటో ఎక్కాడు.

అర్షద్‌కి ఒక్కటే దరిద్రం. ఇల్లు రైల్వే గేటు పక్క. ఏ పాట సగంలో ఉన్నా గూడ్సు బండి వచ్చి దాని స్వరం అది వేసి పోతుంది. నిశ్శబ్దం కోసం వెతికి వెతికి, ఎవరో చెబితే ఆ ఐసు ఫ్యాక్టరీ పగలొకసారి చూసి వచ్చాడు. కోల్డ్ రూము గోడలు మూరెడు మందం, లోపలంతా థర్మోకోలు. చప్పట్లు కొడితే ఆ చప్పుడు అరచేతిలోనే చచ్చిపోతుందట.

ఆ మాట వినగానే ఇమాం సాహెబ్ గారు తింటున్న కంచం పక్కన పెట్టేశారు.

"ఆ గదిలోకి వద్దు."

"ఎందుకు దాదా?"

"అది ఎలీయాజరు గది."

ఎలీయాజరు ఆయన జంట. ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు కలిసి వాయించినవాళ్ళు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఎలీయాజరు ఆ ఫ్యాక్టరీలో రాత్రి కాపలా చేసేవాడు. పనివాళ్ళ నిద్ర చెడుతుందని కోల్డ్ రూములోకి వెళ్ళి కాసేపు సాధన చేసుకుని వచ్చేవాడు. ఒక రాత్రి ఎవరో లోపల మనిషి ఉన్నాడని చూడకుండా బయట గడియ వేసి పోయారు. మిషను నడుస్తోంది. తలుపు బాదితే ఎవరికీ వినబడలేదు. పైపులు వెళ్ళే కన్నంలోంచి బయటికి వెళ్ళగలిగింది క్లారినెట్ ఒక్కటే.

అందుకని ఊదాడు.

"గట్టు మీద అందరూ విన్నార్రా," అన్నారు ఇమాం సాహెబ్ గారు. "విని, ఎలీయాజరు ఇవాళ భలే వాయిస్తున్నాడు అనుకుని పడుకున్నారు. తెల్లారి తలుపు తీసి శవాన్ని చూసేదాకా, పిలుస్తున్నాడని ఒక్కడికీ తెలీలేదు. నేనుంటే తెలిసేది. ఎక్కడ ఊపిరి అందటం లేదో నాకు తెలిసేది… నేను జంగారెడ్డిగూడెం పెళ్ళిలో ఉన్నాను."

మళ్ళీ ఆయనే అన్నారట — "అందించే ముందు స్వరాన్ని కొసన కాస్త ఎత్తేవాడు. 'ఇదిగో, పట్టుకో' అన్నట్టు. అలా ఇంకెవరూ ఎత్తలేదు."

ముసలాళ్ళ మాట వింటే కుర్రాళ్ళెందుకవుతారు? అర్షద్ వెళ్ళాడు. రాత్రివేళ ఆ గట్టు మీదికి ఏ ఆటోవాడూ రానన్నాడు. చివరికి శ్యామ్ దగ్గరికే రావలసి వచ్చింది.

"ఏంట్రా, నీకు నువ్వు సరిపోలేదా? ఆటో కూడా నువ్వే తోలుకోలేకపోయావా?"

"వస్తావా రావా?"

"వస్తాను. వాయించడానికి కాదుగా. తోలడానికే."

దారిలో తాత చెప్పిందంతా వేళాకోళంగా చెప్పుకొచ్చి, లోపల సామాను దించాక అర్షద్ అన్నాడట: "తలుపు మూసి బయట గడియ పెట్టు, లేకపోతే సందు పడి చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోత లోపలికొస్తోంది. పాట వినబడుతున్నంతసేపూ తలుపు జోలికి రావద్దు. టేకు పోద్ది. నేను తట్టినప్పుడు తియ్యి."

"తట్టకపోతే?"

"తట్టకపోతే వాయిస్తున్నట్టే కదరా, బుర్రలేనోడా."

శ్యామ్ గడియ పెట్టాడు. ఆటోలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. చుట్టూ నీళ్ళు, నీచు వాసన, దూరంగా ఏరేటర్ల మోత. పైపులు పీకేసిన కన్నంలోంచి సన్నగా క్లారినెట్ మొదలైంది.

బాగానే వాయిస్తున్నాడు దొంగసచ్చినోడు, అనుకున్నాడట. ఒక వరుస అయింది. తెగింది. మళ్ళీ అందుకున్నాడు. ఇంకో వరుస… తెగింది. తెగిన ప్రతిచోటా శ్యామ్ గుండె పైకి లేచేది, వేళ్ళు మోకాలి మీద కన్నాలు మూసేవి. ఏళ్ళ అలవాటు. "చూశావా, నేను లేకపోతే ఎంత కంతో" అని చీకట్లో నవ్వుకున్నాడు కూడాను.

తర్వాతి వరుస చివరికొచ్చింది. శ్యామ్ గుండె లేచింది…

తెగలేదు.

ముందు రికార్డు చేసింది వింటున్నాడు కాబోలు అనుకున్నాడు. ఇంకో వరుస. అప్పుడూ తెగలేదు. అప్పుడు గుర్తొచ్చింది — ముందు రికార్డు చేసింది చెవుల్లోనే కదా మోగుతుంది? హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాడి పాట బయటివాడికి ఒక్కటే వినబడాలి. రెండెందుకు వినబడుతున్నాయి?

"నిజం చెబుతున్నానక్కా, ముందు నాకు భయం వెయ్యలేదు. కోపమొచ్చింది. నా చోట్లో ఎవణ్ణి పెట్టుకున్నాడురా అని."

కానీ ఆటోలో వచ్చింది ఇద్దరే.

చెవి రిక్కించాడు. రెండోది చక్కగా ఉంది. అర్షద్ కంటే నిండుగా ఉంది. అందించే ముందు… కొసన కాస్త ఎత్తుతోంది.

ఇదిగో, పట్టుకో.

శ్యామ్ ఆటో దిగాడు. అప్పుడు గమనించాడు, అర్షద్ వరుసలు పొట్టివైపోతున్నాయి. స్వరం వణుకుతోంది. ఆ రెండోది మాత్రం ఆగటం లేదు. వీడికి కాస్త విడుపు ఇస్తుంది, మళ్ళీ అందిస్తుంది. వీడు పట్టుకోక తప్పదు. పాట వినబడుతూనే ఉంది, అంటే తలుపు తియ్యకూడదు. తట్టితేనే తియ్యాలి.

"తట్టాలంటే చెయ్యి ఖాళీ ఉండాలి కదక్కా… వాడి రెండు చేతులూ కన్నాల మీదే ఉన్నాయి."

పరిగెత్తి గడియ లాగాడు. ఐసు లారీ వెనక తలుపు తీసినట్టు చలి మొహాన కొట్టింది. ఆ ఫ్యాక్టరీకి కరెంటు పీకేసి ఎన్నేళ్ళయిందో!

ఫోను లైటు వేశాడు.

గది మధ్యలో అర్షద్. హెడ్‌ఫోన్లు మెడకి వేలాడుతున్నాయి. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు. గుడ్లు తేలేసి ఉన్నాడు. ఊదుతున్నాడు. నోటి పక్కనించి తెల్లగా ఆవిరి వస్తోంది.

వాడికి ఎదురుగా, మనిషి నోరంత ఎత్తులో, గాలిలో… ఇంకో ఆవిరి.

అర్షద్ వరుస అయిపోయింది. ఆ రెండోది అందుకుంది. ఎక్కడినించో తెలియలేదు, గది అంతా అదే. ఆ సందులో అర్షద్ గొణిగాడు.

"ఆపితే… దగ్గరికొస్తున్నాడు."

"వచ్చెయ్‌రా!"

"కదిలితే తప్పుతోంది… తప్పితే వస్తున్నాడు…" అని మళ్ళీ నోట పెట్టుకున్నాడు.

శ్యామ్ వెనక్కి తిరిగి పరిగెత్తాడు. పారిపోవడానికి కాదు. ఆటో వెనక సీటు ఎత్తాడు. అమ్మేశానని ఊరంతా చెప్పిన క్లారినెట్, పాత తువ్వాల్లో చుట్టి, అక్కడే ఉంది. నేను వెంటనే అడిగాను, "అమ్మేశానన్నావు కదరా సన్నాసీ?" అని. తల వంచుకుని నవ్వాడు. ఆ సాయంత్రం నవ్వింది అప్పుడే.

గడప మీద నిలబడి, అర్షద్ గుండెనే చూస్తూ కాచుకున్నాడట. వాడి ఊపిరి అయిపోవడం వాడికంటే ముందు తెలియాలి కదా. భుజాలు కుంగాయి. వేళ్ళు బిగిశాయి.

అందుకున్నాడు.

"జీవితంలో మొదటిసారి లేటు కాలేదక్కా."

ఒక్క క్షణం ఇద్దరూ కలిసి అందుకున్నారు, శ్యామూ… ఆ రెండోదీ. తర్వాత రెండోది ఆగిపోయింది. గదిలో ఉన్నవి రెండే క్లారినెట్లు. ఆవిరి మాత్రం ఉన్నచోటే ఉంది. కదల్లేదు. వింటోంది.

శ్యామ్ పట్టుకున్నప్పుడు అర్షద్ ఒక అడుగు వెనక్కి. అర్షద్ పట్టుకున్నప్పుడు శ్యామ్ ఒక అడుగు వెనక్కి. ఎక్కడా తెగకుండా, ఊరేగింపు వెనక్కి నడిచినట్టు, గడప దాటారు, గట్టెక్కారు, ఆటో దాకా వచ్చారు. అక్కడ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊదుతూ ఆటో తోలడం ఏ గురువూ నేర్పడు కదా.

ఒకేసారి ఆపారు.

చప్పుడు లేదు. ఏరేటర్లు కూడా వినబడలేదట. ఫ్యాక్టరీ లోపలినించి మాత్రం, ఎవరో గుండెనిండా గాలి పీల్చుకుంటున్నట్టు… ఎంతసేపటికీ అయిపోని పీల్పు…

ఆటో ఎలా తోలాడో శ్యామ్‌కి గుర్తులేదు. తలుపు మూయాలన్న ధ్యాస ఎవడికుంటుంది? అది బార్లా తెరిచే ఉండిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం బస్తాల వాళ్ళని తోడు తీసుకుని వెళ్ళి సామాను తెచ్చుకున్నారు. రికార్డయింది విన్నారు. అర్షద్ క్లారినెట్ ఒక్కటే ఉంది. మధ్యలో సందులు. ఆ సందుల్లో ఏమీ లేదు. చివర్లో శ్యామ్ ఒక్కడూ అదనం.

ఇది విని మా మేనల్లుడు వినయ్, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ వెలగబెడుతున్నాడు, తేల్చేశాడు: "ఖాళీ గది కదత్తా, ప్రతిధ్వని. భయపడితే చలి కూడా వేస్తుంది."

"చప్పట్లు కొడితే అరచేతిలోనే చచ్చే గదిలో ప్రతిధ్వని ఎక్కణ్ణించొచ్చిందిరా? పైగా అది కొసన ఎత్తి మరీ అందిస్తుందా?" అన్నాను.

వాడికి వెంటనే ఫోనొచ్చింది. మోగకుండానే వచ్చింది.

ఆ తర్వాత గట్టు మీద మాట మారింది. తాగిన డ్రైవరొకడు అక్కడే నిలబడి ఈల వేశాడట. ఊపిరి కోసం ఆపితే ఈల శుభ్రంగా ఆగిపోయిందట. "పోయిందిలే పీడ" అని లారీలవాళ్ళు మళ్ళీ పాటలు పెట్టుకుంటున్నారు.

పోయింది సరే. ఎక్కడికి పోయింది?

మొన్న తాడేపల్లిగూడెంలో పెళ్ళికి వెళ్ళాను. పట్టపగలు, జనం, పందిరి నిండా వెలుతురు. మేళం మనవాళ్ళదే. అర్షద్, శ్యామ్ పక్కపక్కన నిలబడి వాయిస్తున్నారు. ల్యాప్‌టాపు అటకెక్కింది. వెనక బల్ల మీద ఇమాం సాహెబ్ గారు ఒక్కరే కళ్ళు మూసుకుని, మోకాలి మీద తాళం వేస్తున్నారు.

తలంబ్రాల వేళ ఏ వెధవో పందిరి పక్కనే టపాసుల సరం అంటించాడు. ఉలిక్కిపడి ఇద్దరూ ఒకేసారి క్లారినెట్లు నోటినించి తీసేశారు. నేను ఎదురుగానే ఉన్నాను. నా కళ్ళతో చూశాను. ఇద్దరి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి.

స్వరం తెగలేదు.

నిండుగా సాగి… కొసన కాస్త పైకి లేచింది.

శ్యామ్ మొహం పాలిపోయింది. అర్షద్ గబుక్కున అందుకున్నాడు. పెళ్ళివారికి ఏమీ తెలియలేదు, అక్షింతలు చల్లుకుంటున్నారు.

ఇమాం సాహెబ్ గారి చెయ్యి తాళం ఆపేసింది. ఆయన కళ్ళు తెరవలేదు. నెమ్మదిగా బల్ల మీద పక్కకి జరిగి… చోటిచ్చారు.