తాతయ్య నవ్విన చోటు

తోర్ఫి ఆ అమ్మాయి ముఖం కంటే ముందు ఆమె వెనక బార్లా తెరిచి ఉన్న గేటును చూశాడు. ఆ గేటులోంచి పెళ్ళివారిలా తాపీగా నడిచిపోతున్న పొట్టేళ్ళను చూశాడు.

"గేటు!" అన్నాడు.

"నా పేరు ఊనా అండీ. రేక్యావిక్ నుంచి వచ్చాను. ఒక ఫోటో..."

"ముందు గేటు."

పొట్టేళ్ళను తిరిగి లోపలికి తోలేసరికి ఇద్దరూ మోకాళ్ళ దాకా బురదయ్యారు. ఆమె తెల్ల బూట్ల రంగు మారిపోయింది. వాన పైనుంచి కాకుండా పక్కనుంచి కొడుతోంది.

"మీ ఊళ్ళో గేట్లు ఉండవా?"

"ఉంటాయి. వాటంతటవే మూసుకుంటాయి."

తోర్ఫికి నవ్వొచ్చింది. నవ్వలేదు. అంత తేలిగ్గా నవ్వే మనిషి కాదతను.

వంటింట్లో కాఫీ పోసుకున్నాక ఊనా ఫోటో బల్లమీద పెట్టింది. పాత నలుపు తెలుపు ఫోటో. ఒక కుర్రాడు గొర్రెపిల్లను ఎత్తుకుని విరగబడి నవ్వుతున్నాడు. పక్కన గుర్రపు వీపులాంటి బండ. వెనక కొండ, దాని మీంచి దారంలా జారుతున్న జలపాతం.

"మా తాతయ్య హాల్‌గ్రిమూర్. పోయిన చలికాలం కన్నుమూశాడు. ఆయన కోటు జేబులో దొరికిందిది. పెళ్ళికి ముందు ఈ ఉత్తరాదిలో ఊరూరా పాలేరు పని చేశాడట. ఎప్పుడూ ఒక్క ముక్క చెప్పలేదు. మా అమ్మమ్మ అయితే 'జీవితమంతా కాపురం చేశాను, నా ఎదుట ఒక్కనాడు ఇలా నవ్వి ఎరగడు. ఎక్కడ నవ్వాడో, ఎవత్తె నవ్వించిందో తేల్చుకు రా' అని పంపింది. గొర్రెల పంపకం రోజున తనే బస్సెక్కి వస్తోంది. చోటు దొరక్కపోతే నన్ను బతకనివ్వదు."

"మా ఇంటికే ఎందుకొచ్చారు?"

"గొర్రెపిల్ల చెవులు చూసి, ఇది మీ హామ్రర్ వాళ్ళ గుర్తని బజార్లో ఒకాయన చెప్పాడు."

తోర్ఫి ఫోటో మీదికి వంగాడు. కుడి చెవి కొన కోత, ఎడమ చెవి వెనక గాటు. తాతల నాటి నుంచి వాళ్ళింటి మంద గుర్తు అదే.

"మాదే" అన్నాడు.

"మరి ఆ కొండ?"

పుట్టినప్పటి నుంచి చూస్తున్న తమ కొండల్లో అది లేదు. ఆ మాట చెబితే ఈ పిల్ల లేచి కారెక్కుతుంది.

"వెతుకుదాం" అన్నాడు.

వెతికారు. పశువుల కొట్టం వెనక, వాగు మలుపులో, పాడుపడిన గడ్డి చావిడి దగ్గర. ఊనా ప్రతి బండ మీదా కూర్చుని తాతయ్యలా నవ్వి చూసేది. "ఇదా?" అనేది. "కాదు" అనేవాడు తోర్ఫి. రెండో రోజుకి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఎవరు ముందు మార్చారో ఇద్దరికీ తెలియదు.

తోర్ఫి తల్లి దల్లా కిటికీలోంచి చూస్తూనే ఉంది. "గొర్రెలు కొండ మీదుంటే నువ్వు లోయలో ఏం వెతుకుతున్నావురా?"

"ఫోటో తీసిన చోటమ్మా."

"ఊఁ. ఫోటోలో చోటా, ఆ పిల్ల పక్కన చోటా?"

ఆ సాయంత్రం ఎండ ఒక్క క్షణం తొంగిచూసింది. ఊనా ఫోటోను కిటికీకి ఎత్తి పట్టుకుంది. బల్లకు ఇటు కూర్చున్న తోర్ఫికి కాగితం వెనక నుంచి బొమ్మ లీలగా కనిపించింది. కొండ అటుది ఇటు అయింది. జలపాతం ఎడమకు దిగింది. ఆ కొండను గుర్తుపట్టాడు.

నది అవతల సెల్‌బాక్కి. ఎప్పుడో ఇద్దరు అన్నదమ్ములు పోట్లాడుకుని మంద పంచుకున్నప్పుడు, తమ్ముడు నది దాటిపోయి అన్న గుర్తునే చెవులు తారుమారు చేసి పెట్టుకున్నాడు. ఆ తమ్ముడి వంశమే సెల్‌బాక్కి. ఫోటో తిరగబడింది. అందులోది వాళ్ళ గొర్రె, వాళ్ళ కొండ.

చెబుదామని నోరు తెరిచాడు. సెల్‌బాక్కిలో పెళ్ళికాని కొడుకులు ఇద్దరున్నారు. ఒకడు పాటలు కూడా పాడతాడు.

నోరు మూసుకున్నాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు పంపకం. వేసవంతా కొండల మీద కలిసి మేసి దిగిన అన్ని ఇళ్ళ గొర్రెలతో గుండ్రటి దొడ్డి నురగలా పొంగుతోంది. చుట్టూ ఇంటికొక అర. చెవి చూడటం, కొమ్ములు పట్టడం, కాళ్ళ మధ్య ఇరికించుకుని ఎవరి గొర్రెను వాళ్ళ అరలోకి ఈడ్వడం. లోయ లోయంతా అక్కడే ఉంది. ఊనా గొర్రెను ఈడుస్తోందో, గొర్రే ఊనాను ఈడుస్తోందో చెప్పడం కష్టం.

"కుడి కొన కోత, ఎడమ గాటు. మీదే!" అని అరిచింది. ఇంకోదాన్ని పట్టుకుంది. "ఇదేంటి, దీని చెవులు తిరగేసి ఉన్నాయి?"

రోడ్డు మీద బస్సు ఆగింది. ఎర్ర టోపీ పెట్టుకున్న ముసలమ్మ చేతికర్రతో దిగుతోంది. అంత వయసులో, అంత దూరం నుంచి. తోర్ఫికి ఇక ఆగడం చేతకాలేదు.

"ఊనా, ఫోటో తిరగబడింది. ఆ చోటు నది అవతల, సెల్‌బాక్కిలో. నిన్న సాయంత్రమే తెలిసింది."

"నిన్ననే చెప్పలేదేం?"

"చెబితే నది దాటి వెళ్ళిపోతావని."

ఊనా గొర్రె కొమ్ములు వదల్లేదు. "మా తాతయ్యకి ఎడమ చేతి చిటికెన వేలు సగమే. ఫోటోలో కుడిచేతిది సగముంది. తిరగబడిందని నాకు మొన్ననే తెలుసు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదో నేనూ అందుకే" అంది. ఆ మాటకు పట్టు సడలి గొర్రె కాస్తా పారిపోయింది.

సెల్‌బాక్కి పెద్దాయన గేయిర్ ఫోటో చూడగానే టోపీ తీసేశాడు. అందరినీ వంతెన దాటించి తన ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. గుర్రపు వీపు బండ అక్కడే ఉంది. జలపాతం ఎడమ పక్కన జారుతోంది. అమ్మమ్మ సిగ్నీ బండ మీద సర్దుకుని కూర్చుని, కర్రతో నేల పొడిచింది.

"ఇప్పుడు చెప్పవయ్యా. ఎవరది?"

"ఫోటో తీసింది నేనేనమ్మా. నేను కడిగిన మొట్టమొదటి ఫోటో. ఫిల్ము తిరగేసి పెట్టాను. అప్పుడు మా ఇంట్లో పనిచేస్తున్న హాల్‌గ్రిమూరేమో 'పోనీలేరా, నవ్వు ఎటు తిప్పినా నవ్వే' అన్నాడు."

"నవ్వించిందెవరని అడుగుతున్నా. బతికుందా?"

"లక్షణంగా ఉంది. నా బండ మీద కూర్చుని నన్నే గద్దిస్తోంది."

సిగ్నీ కర్ర ఆగిపోయింది.

"ఆ రోజుల్లో లోయంతటికీ ఒకటే ఫోను తీగ" అన్నాడు గేయిర్. "ఎవరు మాట్లాడినా అన్ని ఇళ్ళలో ఎత్తి వినేవాళ్ళం. ఆవేళ వాడు ఫోను చేస్తే నువ్వు 'సరే, చేసుకుంటాను' అన్నావు. వాడు బయటికొచ్చి, ఎదురుపడ్డ గొర్రెపిల్లను ఎత్తుకుని ఇక్కడి దాకా పరుగెత్తాడు."

"నాతో మాత్రం 'ఊఁ, మంచిది' అన్నాడయ్యా. అంతే. ఆ 'ఊఁ, మంచిది' జీవితమంతా నా గొంతులో ముల్లులా ఉండిపోయింది."

"ఊరంతా వింటోందని వాడికి తెలుసు కదమ్మా."

సిగ్నీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. తర్వాత తోర్ఫి వైపు తిరిగింది. "ఈ అబ్బాయిదీ ఆ మందేనా? నోరు విప్పడే?"

"విప్పుతాడమ్మమ్మా. కాస్త టైము పడుతుంది" అంది ఊనా.

తల్లి చూస్తోంది. గేయిర్ చూస్తున్నాడు. పాటలు పాడేవాడూ చూస్తున్నాడు. అయినా తోర్ఫి అందరికీ వినపడేలా అడిగాడు.

"ఊనా, వసంతంలో గొర్రెలు ఈనుతాయి. వస్తావా? వచ్చి... ఉండిపోతావా?"

"సరే" అంది ఊనా. "గేటు వేసే వస్తాను."

తోర్ఫి నవ్వాడు. దల్లా కూడా ఎరగని నవ్వు అది. గేయిర్ కెమెరా కోసం ఇంట్లోకి పరుగెత్తాడు.

"ఫిల్ము సరిగ్గా పెట్టు!" అని వెనక నుంచి కేకేసింది సిగ్నీ. "వెనకాల ఊరి పేరు రాయి. రేపు ఈ పిల్ల మనవరాలు బురదలో తిరగక్కర్లేకుండా!"