ధర్మకాటా చూపిన తూకం

కుడతిని దాటి కొంచెం ముందుకు పోతే, పెద్ద రోడ్డు నుంచి ఒక పాత దారి చీలుతుంది. గనులు జోరుగా నడిచిన రోజుల్లో ఇనుపరాయి లారీలు రాత్రింబగళ్లు తిరిగిన దారి. దాని పక్కనే ఒక ధర్మకాటా... అంటే లారీలను తూచే కాటా. మూతబడి పదేళ్లు దాటింది. నేలకు సమంగా పరిచిన ఇనుప పలక, తలుపు ఊడిన గది, గది నెత్తిన ఎర్ర అంకెల బోర్డు — ఉన్నది అంతే. కానీ చీకటి పడ్డాక ఆ పలక మీద బండి ఆపే మొనగాడు ఆ చుట్టుపక్కల ఎవడూ లేడు.

ఆ బోర్డు ఇంకా వెలుగుతూనే ఉంటుంది. పక్క పొలం మోటారు తీగకు ఎవరో ఎప్పుడో తగిలించిన కరెంటు, తీసేవాడు లేక అలాగే ఉండిపోయింది. పలక ఖాళీగా ఉంటే సున్నా చూపిస్తుంది. అది సరే. పలక మీద పురుగు కూడా లేనప్పుడు అంకెలు కదిలాయని చెప్పేవాళ్లు ఉన్నారు.

పక్కీరమ్మ అని ఒక కూలిమనిషి అక్కడ పని చేసేదట. లారీ ఎక్కి, పారతో రాయిని చదును చేసేది. ఒక సాయంత్రం లారీ వెనక తలుపు ఊడి, కింద ఉన్న ఆమె మీద రాయంతా పడింది. అక్కడికక్కడే పోయింది. పని అయ్యాక రోజూ ఆ కాటా దగ్గర ఆగిన బండి ఏదో ఒకటి ఎక్కి ఇంటికి పోయేదట... ఇప్పటికీ ఆగిన బండి ఎక్కుతుందని జనం మాట. మనం నమ్మినా నమ్మకపోయినా, లారీ డ్రైవర్లు మాత్రం అక్కడ బ్రేకు తొక్కరు.

గాంధీనగర్ సిద్దేశ్‌కు ఈ కథ తెలుసు. తెలిసీ ఆపాడు. ఎందుకు ఆపాడో చెప్పాలంటే ముందు అతని నడుము సంగతి చెప్పాలి.

ఇంటి నుంచి ఫ్యాక్టరీకి ముప్పై కిలోమీటర్లు. పాత బండి మీద ఆరేళ్లు వంగి వంగి తిరిగేసరికి నడుములో డిస్కు జరిగింది. బండి మార్చు, లేదా పని మార్చు అని డాక్టరు తేల్చేశాడు. ఆ పని పోతే ఇల్లు గడవదు. అది చాలదన్నట్టు, భార్య సవిత తల్లి కెంచనగుడ్డలో మంచం పట్టింది. బస్సులూ ఆటోలూ మారి చేరేసరికి తిరిగి రావాల్సిన వేళ అయ్యేది. పాత బండి వెనక సీటు మీద అంత దూరం కూర్చోవడం సవిత వల్ల కాలేదు. తల్లి ముఖం చూసి ఆమెకు నాలుగు నెలలైంది.

అందుకే నెల రోజులుగా బండి వెతుకులాట. పెళ్లిచూపులకైనా సిద్దేశ్ అన్ని గుమ్మాలు ఎక్కలేదు. ఒక బండి ఎక్కితే మెడ పట్టేసింది. ఇంకోదాని మీద కాలివేళ్లు తప్ప పాదం నేలకు ఆనలేదు. మూడోది అతనికి హాయిగానే ఉంది కానీ, వెనక సీటు చూసి సవిత మొహం తిప్పుకుంది.

చివరికి బ్రూస్‌పేటలో బట్టల కొట్టు జితేంద్ర దగ్గర దొరికింది. క్రూయిజర్ బండి. సీటు కిందికి ఉంటుంది, హ్యాండిలు మన దగ్గరికే వస్తుంది, కాళ్లు ముందుకు చాపుకుని వీపు నిటారుగా పెట్టి కూర్చోవచ్చు. వెనక సీటు కూడా వెడల్పే. దూరాలు తిరుగుదామని కొని, కొట్టు వదిలిపెట్టి కదలలేక అమ్ముతున్నాడు.

"ఒకటే మాటప్పా," అన్నాడు జితేంద్ర. "గాడీ బరువు. పేపర్లలో నూటడెబ్బై అయిదు కిలోలని ఉండాది. నీ నడుముతో తోయనీకి అయితాదో లేదో చూస్కో. రెండు దినాలు పెట్టుకో."

ఆ పేపర్లు నమ్మొద్దని ఫ్యాక్టరీలో అందరూ భయపెట్టారు. రెండొందల పైనే ఉంటుందన్నారు. సిద్దేశ్‌కు మిగిలిన అనుమానం అదొక్కటే.

ఆ రాత్రి పదిన్నరకు షిఫ్టు దిగాడు. పెద్ద రోడ్డు మీద లారీలు మైళ్ల పొడవునా ఆగిపోయి ఉన్నాయి. జితేంద్ర బండితో పాత దారి పట్టాడు. గుంతలే గుంతలు... అయినా నడుము నొప్పి లేదు. ఆరేళ్లలో మొదటిసారి ఇంటికి పోతూ ఈల వేశాడు.

జేబులో ఫోన్ మోగింది. బండి నడుపుతూ మాట్లాడే అలవాటు అతనికి లేదు. ఎక్కడున్నాడో చూసుకోకుండా, గుంతల మధ్య సమంగా కనబడిన చోట ఆపి, ఇంజను ఆర్పి, రెండు కాళ్లూ నేలకు ఆనించాడు. కాళ్ల కింద ఇనుము మోగింది.

కాటా పలక.

"యాడుండావు? ఊట చల్లగయితాంది, తినేది ఎప్పుడు?" అంది సవిత.

"వస్తాండా. అరగంట."

"గాడీ ఎట్లుండాది?"

సిద్దేశ్ తలెత్తాడు. గది మీద ఎర్ర అంకెలు... 245. మనసులోనే లెక్క వేశాడు. మొన్న ఆసుపత్రిలో తన బరువు డెబ్బై. బండి నూటడెబ్బై అయిదు. కిలో తేడా లేదు. జితేంద్ర అబద్ధం ఆడలేదు. దెయ్యం సంగతే మరిచిపోయి నవ్వుకున్నాడు పిచ్చిమారాజు.

"బాగుండాది. దీన్నే తీసుకుందాం."

"అయితే రేపు అమ్మ దగ్గరికి పోదామా? నాలుగు నెలలాయ..." అంది సవిత. "నేను కూర్చుంటా. ఎంత దూరమైనా కూర్చుంటా."

"పోదాం," అంటూ మళ్లీ అంకెల వైపు చూశాడు.

305.

కళ్లు నలుపుకున్నాడు. 305. గాలి లేదు. చెట్టు ఆకు కదలడం లేదు. బండి మాత్రం... కొంచెం కిందికి దిగినట్టు తెలిసింది. ఎవరో నెమ్మదిగా, ఎక్కడం అలవాటైన మనిషిలా ఎక్కినట్టు.

ఫోన్‌లో సవిత ఏదో అడుగుతోంది, అతనికి వినబడటం లేదు. వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం ఎవరికి ఉంటుంది చెప్పండి? మెల్లగా బండికి స్టాండు వేసి, దిగి, పలక బయటికి నడిచాడు. నాలుగు అడుగులు... అయిదు. అప్పుడు చూశాడు.

235.

తన డెబ్బై పోయింది. మిగిలింది బండి ఒక్కటే. కానీ బండి నూటడెబ్బై అయిదే కదా... సీటు మీద ఎవరూ లేరు. అద్దాల్లో చీకటి తప్ప ఏమీ లేదు. అయినా ఆ అరవై అక్కడే ఉంది.

పరుగెత్తాలనిపించింది. కానీ యాడికి? ముందూ వెనకా మనిషి జాడ లేదు. బండి వదిలేస్తే జితేంద్రకు ఏం చెప్పాలి, రేపు సవితకు ఏం చెప్పాలి? అన్నిటికంటే కష్టం — తిరిగి పోయి, ఆ అరవైకి వీపు పెట్టి కూర్చోవాలి.

కూర్చున్నాడు. ఎలా కూర్చున్నాడో అతనికే తెలియదు. అద్దాలు రెండూ పక్కకు తిప్పేశాడు. పలక దిగాక బోర్డు వైపు ఓరగా చూశాడు. సున్నా. అక్కడ ఏమీ మిగల్లేదు.

దారి పొడవునా వెనక బరువు, ముందు తేలిక. ట్యాంకు మీదికి జరిగి జరిగి నడిపాడు. ఇంటి ముందు ఆపి, వెనక్కి చూడకుండా లోపలికి పోయి తలుపు గడియ పెట్టాడు. సవిత అడిగితే తలనొప్పి అన్నాడు. తెల్లవార్లూ కన్ను మూయలేదు.

తెల్లారాక ధైర్యం వచ్చింది. వెలుతురులో అందరికీ వస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది: ఆ కాటా మూసేసింది దొంగ తూకాలకే కదా. ఊరంతటికీ తెలిసిన సంగతే. దొంగ కాటా చూపిన అంకెకు తాను రాత్రంతా చచ్చాడన్నమాట. సిగ్గేసింది. సవిత అప్పటికే పట్టుచీర కట్టుకుని, తల్లికి ఇష్టమని కజ్జికాయలు సంచిలో సర్దుకుని వాకిట్లో నిలబడింది. ఆ మొహం చూశాక పోవద్దని ఎలా అంటాడు?

బయల్దేరారు. గాంధీనగర్ దాటకముందే సవిత, "సొల్పం ముందుకు జరుగప్పా," అంది. జరిగాడు. ఇంకొంచెం పోయాక మళ్లీ అంది. సంచి అడ్డం వస్తోందనుకున్నాడు.

సిరుగుప్ప రోడ్డులో నారపన్న టీ బంకు దగ్గర ఆపాడు. నారప ఒకప్పుడు ఆ కాటా గదిలో కూర్చుని తూకాలు రాసిన మనిషి. సవిత టీ తాగదు. "నేను ఈడే కూర్చుంటా," అని స్టాండు వేసిన బండి వెనక సీటు మీదే ఉండి తల్లికి ఫోన్ చేస్తోంది.

సిద్దేశ్ నవ్వుతూ రాత్రి సంగతంతా చెప్పాడు. "నీ దొంగ కాటా నా ప్రాణం తీసింది కదన్నా," అన్నాడు.

నారప నవ్వలేదు. టీ వడకట్టే చెయ్యి ఆగిపోయింది.

"దొంగ కాటానే సిద్దేశప్పా. కాదనను," అన్నాడు గొంతు తగ్గించి. "కానీ లారీలోళ్లు మా కాటాకే ఎందుకు వస్తాండ్రి? పర్మిట్ కంటే ఎక్కువ రాయి వేసుకోని, తక్కువ చూపించుకోనీకి. లోపల ఒక మీట ఉండె. అది నొక్కితే తూకం తగ్గేది. నొక్కకుంటే కరెక్టుగా చెప్పేది..."

వడకట్టిన టీ గ్లాసు సిద్దేశ్ చేతిలో పెట్టాడు.

"ఎక్కువ చెప్పేది ఆ కాటాకు రాదప్పా."

సిద్దేశ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. బండి వైపు తిరిగాడు. గాలి వీస్తే పడిపోయేంత పలచని మనిషి సవిత. ఆమె కింద బండి వెనక భాగం చక్రానికి ఆనేంతగా కుంగి ఉంది.

"సవితా... దిగు," అన్నాడు. చెయ్యి ఊపాడు.

ఆమెకు అర్థమైంది. ఫోన్ చెవికి పెట్టుకునే, తల్లితో నవ్వుతూ మాట్లాడుతూ, సంచి భుజాన వేసుకుని దిగి పక్కకు వచ్చి నిలబడింది.

బండి వెనక భాగం పైకి లేవలేదు.