గవ్వల సంచి ప్రస్థానం

కొత్త ఎద్దును కొట్టంలో కట్టాలన్నా, కొత్తకోడలిని కాపురానికి తేవాలన్నా జగ్గయ్యపేటలో అనంతరామయ్య సిద్ధాంతి గారి అరుగెక్కి అడగాల్సిందే. ఊరందరికీ ముహూర్తాలు పెట్టే ఆ పెద్దమనిషికి, సొంతకూతురి ప్రయాణానికి మాత్రం మూడు వారాలుగా ఒక్క మంచి ఘడియా దొరకలేదు.

పందొమ్మిది వందల అరవై ఒకటి, శ్రావణమాసం. ఆదివారం పొద్దున ఆయన అరుగు మీద గవ్వలు పరిచి రాబోయే గ్రహణం గుణిస్తున్నాడు. కాగితం లేదు, కలం లేదు. తాతల నాటి గవ్వలు వరసల్లో అటు జరిగితే కూడిక, ఇటు జరిగితే తీసివేత. భార్య బాలాత్రిపురసుందరి కాఫీ గ్లాసు తెచ్చి, గవ్వలు అదిరేలా పెట్టింది.

"మెల్లగా పెట్టవే! చంద్రుడు కదిలిపోతాడు."

"కదిలితే కదలనీండి. ఇంట్లో పిల్ల కదలకుండా కూర్చుంది, దానికి మాత్రం దారి చూపించరు!"

వాళ్ళమ్మాయి అహల్య నందిగామ హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంగ్లండులో ఖగోళశాస్త్ర చరిత్ర చదవడానికి ఆమెకు స్కాలర్‌షిప్పు వచ్చింది. వెనకటివాళ్ళు ఆకాశాన్ని ఎలా కొలిచారు, ఈ విశ్వం ఎలా ఉందనుకున్నారు, ఇదీ ఆ చదువు. వచ్చే శుక్రవారం హైదరాబాదు బస్సెక్కితేనే బొంబాయిలో ఓడ అందుతుంది. నాన్నగారు ముహూర్తం పెట్టందే గడప దాటనని ఆమె పట్టు. ముహూర్తమే లేదని ఆయన పట్టు. తండ్రికి తగ్గ కూతురు, మధ్యలో నలిగేది సుందరమ్మ.

అంతలో మూడిళ్ళ అవతలుండే రైతు వెంకటరత్నం వచ్చాడు.

"సిద్ధాంతి గారూ, వత్సవాయి ఎడ్ల బేరానికి గురువారం ఎనిమిదింపావుకి బయల్దేరమన్నారు కదండీ. కాస్త ఆలస్యమైతే పర్లేదాండీ? అంతటి ఘడియ మళ్ళీ రెండు నెలల దాకా లేదన్నారు మరి!"

అనంతరామయ్య దగ్గాడు. సుందరమ్మ నడుముకు కొంగు బిగించింది.

"ఎడ్ల బేరానికి దొరికిన ఘడియ ఆడపిల్ల చదువుకి దొరకలేదా? ఏమండీ, మూడు వారాలుగా అబద్ధమాడుతున్నారా!"

వెంకటరత్నం తన ఎడ్లను తలుచుకుంటూ మెల్లగా జారుకున్నాడు. అలికిడికి అహల్య బయటికొచ్చింది.

"నిజమేనా నాన్నగారూ?"

దొరికిపోయిన మనిషికి కోపమే దిక్కు. "నిజమే! చరిత్ర ఎవరికి రాస్తారే? పోయినవాళ్ళకి. నేనింకా బతికే ఉన్నా. నా లెక్కని దొరలు గాజుపెట్టెలో పెట్టి వింత చూస్తారా? దానికి నేను ముహూర్తం పెట్టాలా?"

మూడు వారాలుగా ఆయన గుండెలో గుచ్చుకున్నది ఇదా అని సుందరమ్మ నివ్వెరపోయింది. అహల్య తండ్రి పక్కనే కూలబడింది.

"ఏడో ఏట నా చేతికి ఈ గవ్వలిచ్చింది మీరే. స్కాలర్‌షిప్పుకి రాసిన వ్యాసంలో మీ గ్రహణం లెక్కే రాసా. మిగతా దేశాల పాతలెక్కలు మట్టిపలకల మీదా తోలుపుస్తకాల్లోనూ మిగిలాయట, చేసి చూపించేవాళ్ళు లేరట. మా ఇంట్లో ఉన్నారని రాసా, అందుకే పిలిచారు. వద్దంటే మానేస్తా. కానీ మీ తర్వాత ఈ గవ్వలు ఎవరు జరుపుతారో చెప్పండి."

ఆయన గవ్వల మీదికి వంగాడు. వరసలో ఒక గవ్వ జరిపాడు, మళ్ళీ వెనక్కి జరిపాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన లెక్క తప్పడం సుందరమ్మ చూడటం అదే మొదటిసారి. గవ్వలన్నీ ఎర్రపట్టు సంచిలోకి ఊడ్చి లేచాడు.

"గురువారం సాయంత్రం దాకా నిన్ను స్కూలువాళ్ళు వదలరు. శుక్రవారం పడమటికి వారశూల, ఆ దిక్కుకి బయల్దేరకూడదు. నేనేం చెయ్యను?" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఏం చెయ్యాలో సుందరమ్మకు తెలుసు. మంచి ఘడియకు మనిషి కదలలేకపోతే, వెంట వెళ్ళే వస్తువేదైనా ఆ ఘడియకు పొరుగింట పెడతారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. దాన్నే ప్రస్థానం అంటారు. ఊరందరికీ ఆ ఉపాయం చెప్పే మనిషి ఇంట్లో నోరు మెదపలేదు. సరే, ఆయన పెట్టకపోతే తనే పెడుతుంది!

గురువారం ఎనిమిదింపావుకి కూతురి చీర చంకలో పెట్టుకుని, రొప్పుతూ వెంకటరత్నం ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య పుష్పవతి ఎదురొచ్చి నవ్వింది.

"మళ్ళీ ఇదెందుకండీ? సిద్ధాంతి గారు ఇప్పుడే ప్రస్థానం పెట్టి వెళ్ళారు. మీకు చెప్పొద్దన్నారు."

సావిట్లో పీట మీద పసుపూ కుంకుమా, వాటి పక్కన ఎర్రపట్టు సంచీ ఉన్నాయి. పండక్కి తుడవడానికైనా తనను ముట్టనివ్వని సంచి అది. సుందరమ్మ తెచ్చిన చీరతోనే కళ్ళు ఒత్తుకుంది.

మర్నాడు బస్సుకు వెళుతూ ఆ ఇంటి ముందు ఆగారు. సంచి చేతిలోకి తీసుకోగానే అహల్యకు ఏడుపాగలేదు.

"ఇవి నాకిచ్చేస్తే మీ గ్రహణం ఎలా నాన్నగారూ?"

"మీ అమ్మ వంటింట్లో చింతగింజలకు కరువా? గింజలతో గుణిస్తే గ్రహణం రానంటుందా?" అన్నాడాయన. "వాళ్ళ ముందు పరిచి, చేసి చూపించు. ఈ లెక్క చేసేవాడు పేటలో నిక్షేపంగా ఉన్నాడని కూడా రాయి. ఇంక వెనక్కి చూడకుండా వెళ్ళు తల్లీ."

ఆమె చూడలేదు. బస్సు కనుమరుగయ్యేదాకా చూసింది ఆయనే.

ఆ సాయంత్రం సుందరమ్మ చింతగింజలు కడిగి, తుడిచి అరుగు మీద పోసింది. కాఫీ గ్లాసు మెల్లగా పెట్టింది. ఆయన కాస్త పక్కకు జరిగి చోటు చేశాడు.

"కూర్చో. నేర్పిస్తా."

"నాకా? ఈ వయసులోనా?"

"నా తర్వాత ఎవరని అడిగిందిగా అమ్మాయి. అది తిరిగొచ్చేసరికి ఇంట్లో ఇద్దరుంటాం."

సుందరమ్మ కొంగు సర్దుకుని కూర్చుని, చూపుడువేలితో ఒక గింజ జరిపింది.

"అటు కాదే, ఇటు! చంద్రుణ్ణి చెరువులో పడేశావు!"

కన్నీళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వి, సుందరమ్మ ఆ గింజను వెనక్కి జరిపింది.