తెరలో చిక్కిన ఆక్రందన

అసురసంధ్య వేళ…!

పగలు ఇంకా చావలేదు, రాత్రి ఇంకా పుట్టలేదు. ఆకాశం నిండా కాటుక కొండల్లాంటి మేఘాలు ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయి. ఫెళఫెళమని ఉరుము… ఆ వెంటనే కళ్ళు చెదిరే మెరుపు! వీధి దీపపు స్తంభం మీద ఎక్కడినుంచో వచ్చి వాలిన గుడ్లగూబ ఎదుటి మేడలో మూడో అంతస్తు కిటికీ వైపే రెప్పవేయకుండా చూస్తోంది.

ఆ ఇంటిని వీధిలో అందరూ ‘దెయ్యాల కొట్టు’ అంటారు. ఇంటాయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మనిషి మెతక. బల్లి కనబడితే భార్యని పిలుస్తాడు. కానీ పాత భయానక చిత్రాలంటే మాత్రం చెవి కోసుకుంటాడు. పాడుబడ్డ భవంతులు, ముసుగు హంతకులు, సమాధుల్లోంచి లేచే శవాలు… నలుపు తెలుపు కాలం నాటి సినిమాల టేపులు, డిస్కులు గోడ నిండా పేర్చుకున్నాడు. రోజూ ఇంట్లో ఒక శవమైనా లేవనిదే ఆయనకి కునుకు పట్టదు!

భార్య ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులో నర్సు.

“రోజంతా నిజం అరుపులు విని వస్తాను. ఇంటికొచ్చాక ఈ అబద్ధపు అరుపులు కూడానా నా ప్రాణానికి?” అంటుంది.

“ఇవాళ ఒక్కరోజు కూర్చోవే. ఇలాంటిది మళ్ళీ దొరకదు” అని ఆయన బతిమాలాడు.

ఎందుకంటే ఆ సాయంత్రం సినిమా రీలు డబ్బాతో ఒక ముసలాయన, రీళ్ళ తాత, వచ్చాడు.

మొన్నొకరోజు దుకాణంలో కళ్ళద్దాలు బాగుచేయించుకోవడానికి వచ్చి, మాటల్లో మాటగా, ఎక్కడా డిస్కుగా రాని భయానక చిత్రం తన దగ్గరుందని చెప్పాడు. ఇంటికే వచ్చి, సొంత ప్రొజెక్టర్ మీద చూపిస్తానన్నాడు. కొరివి లాంటి చూపు, ఎండిన కట్టె లాంటి దేహం… మాట మాత్రం తేనె. గోడకి తెల్లదుప్పటి కట్టాడు. డబ్బా మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. ఆఖరున నల్లగుడ్డలో చుట్టిన గుండ్రటి వస్తువొకటి తీసి ప్రొజెక్టర్ పక్కన పెట్టాడు.

“తలుపు నేనే వేస్తాను బాబూ. వెలుతురు పడితే బొమ్మ పాడవుతుంది” అన్నాడు.

గడియ పడింది. దీపం ఆరింది. టకటకమని రీలు తిరగసాగింది…

వెలిసిపోయిన బొమ్మ. ఇనుప చువ్వల భూగృహం. రగులుతున్న హోమగుండం. గొలుసులతో కట్టిపడేసిన ఒక యువతి! ఆమె ఎదుట, చేత కపాలం ధరించి, కరాళ మంత్రాలు పఠిస్తున్న క్షుద్రోపాసకుడు! వాడు నిప్పుకణికని ఆమె మణికట్టుకి ఆనించాడు…

“కె…వ్వు…మ్…!”

గాజు గ్లాసులు గల్లుమన్నాయి. ఇంటాయన ఆనందంగా కుర్చీ అంచుకి జరిగాడు.

భార్య మాత్రం కొయ్యబారిపోయింది. నటించే మనిషి అరిచాక ఊపిరి పీల్చుకుంటుంది. తెర మీది యువతి పీల్చుకోవడం లేదు. ఇలాంటి అరుపు తను వార్డులో తప్ప ఇంకెక్కడా వినలేదు. పైగా… తెర మీది ఆ ఉపాసకుడి ముఖం! ఆ కొరివి చూపు!

“ఏవండీ… అది ఈ తాతే! ఆపమనండి!”

ఆమె భర్త వైపు తిరిగింది. భుజం పట్టి కుదిపింది. శిల! పెదాల మీద చిరునవ్వు అలాగే గడ్డకట్టుకుపోయింది. కనుపాపల్లో బొమ్మ మాత్రం కదులుతోంది.

ఆమె తలుపు దగ్గరికి పరుగెత్తింది. గడియ మంచుముద్దలా ఉంది, ఇసుమంతైనా కదల్లేదు. స్టూలెత్తి కిటికీ అద్దం మీద విసిరింది. స్టూలు విరిగింది… అద్దం చెక్కుచెదరలేదు! తను పక్క దులిపే గది, బట్టలు మడతపెట్టుకునే గది… సమాధిలా మూసుకుపోయింది!

అంతలో బయటినుంచి తలుపు చప్పుడు.

“ఒరేయ్, చల్లారిపోతోంది, టీ పట్టుకెళ్ళండి!” అత్తగారి గొంతు.

“అత్తయ్యా! తలుపు పగలగొట్టించండి! ఎవరినైనా పిలవండి! అత్తయ్యా…!” ఆమె గుండెలవిసేలా అరిచింది.

అవతల టీ పళ్ళెం చప్పుడయింది.

“ఖర్మ! ఏం సినిమాలో ఏమో, ఆ అరుపులూ వీళ్ళూ!” గొణుక్కుంటూ అడుగుల చప్పుడు వంటింటి వైపు వెళ్ళిపోయింది.

తాత వికటంగా నవ్వాడు.

“ఎవరూ రారు అమ్మాయీ! ఇల్లన్నాక, సినిమా అన్నాక, అరుపులు మామూలేగా!”

నల్లగుడ్డ లాగేశాడు. కపాలం! దాని కంటిగుంటల్లో రెండు నీలిజ్వాలలు భగ్గుమన్నాయి.

“ఇది సినిమా కాదు… క్రతువు! కెమెరా ముందు నిజంగా చేసిన క్రతువు! ఏ ఇంట ఆడినా, తెరలోని ఆ ఆడదాని భయం చూసి మురిసిపోయే ప్రతి కన్నూ నాకు ఆయుష్షు పోసింది. ఇప్పుడు ఫిల్ము కుళ్ళుతోంది. ఆ ఆడది అరిగిపోయింది. నాకు కొత్త ముఖం కావాలి… నీ ముఖం!”

మంత్రం ఉరుములా మోగింది. ప్రొజెక్టర్ కాంతి తాడులా మెలితిరిగి ఆమె మెడకి చుట్టుకుంది. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. గాజుల రంగు పోయింది… గోళ్ళ రంగు పోయింది… చర్మం బూడిదయింది! గదిలో నిలబడ్డ ఆమె శరీరం జుట్టు విరబోసుకుని, కళ్ళు తేలవేసి, మరొక స్త్రీ గొంతుతో కేకలు పెట్టసాగింది.

ఆమె ప్రాణం మాత్రం… తెరలో ఉంది!

చుట్టూ చువ్వలు. కాళ్ళ కింద చెమ్మ నేల. ఎదురుగా కిటికీలా ఒక తెల్లటి వెలుగు, ఆ వెలుగు అవతల తన ఇల్లు, తన కుర్చీ… చిరునవ్వుతో తననే చూస్తున్న తన భర్త! రెండు చేతులతో ఆ వెలుగుని బాదింది. నోరు తెరిచింది. చప్పుడు రాలేదు. కట్టుకున్నవాడు చూస్తున్నాడు… హాయిగా, సినిమా చూస్తున్నట్టు!

నేల మీద కూలబడింది. అప్పుడు మూలనుంచి ఆ అరుపు మళ్ళీ వచ్చింది.

యువతి అక్కడే ఉంది. ముఖం సగం చెరిగిపోయింది. ఒంటినిండా ఫిల్ము మీది గీతలు. మణికట్టు మాత్రం ఇప్పుడే కాలినట్టు బొబ్బలెక్కి ఉంది. నర్సుకి ఒక్క క్షణం తన భయం గుర్తులేదు. మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళింది. గొంతు పెగిలింది.

“ఎక్కడ నొప్పి అక్కా?”

అరుపు ఆగింది. ఆ ఫిల్ము పుట్టినప్పటినుంచీ ఆగనిది… ఆగింది!

“ఏమన్నావు?”

“ఎక్కడ నొప్పి? ఏదీ, చేయి ఇలా చూపించు. మెల్లిగా… నేనున్నాగా.”

ఆమె తన చీరచెంగు చింపి మణికట్టుకి కట్టు కట్టసాగింది. ఆ యువతి కట్టు వైపే చూసింది.

“ఎన్ని ఇళ్ళలో అరిచానో తల్లీ! పిల్లలు దుప్పట్లు కప్పుకున్నారు. పెద్దలు చప్పట్లు కొట్టారు. ‘మళ్ళీ వెయ్యి, ఆ ముక్క మళ్ళీ వెయ్యి’ అన్నారు. ఎక్కడ నొప్పి అని ఒక్కరూ… ఒక్కరూ అడగలేదు!”

కన్నీటిబొట్టు గొలుసు మీద పడింది. ఫట్! గొలుసు తెగింది. ఒకరి భయాన్నీ మరొకరి వినోదాన్నీ పేనిన బంధనం అది. కరుణ తాకగానే ముక్కముక్కలయింది!

ఆ స్త్రీ లేచి నిలబడింది. చువ్వలు దూదిపింజల్లా ఎగిరిపోయాయి. నర్సు చేయి పట్టుకుని ఆమె వెలుగులోకి అడుగు వేసింది… తెల్లదుప్పటి గాలిపోసుకున్న తెరచాపలా ఉబ్బింది… నర్సు ప్రాణం తన ఒంట్లో చేరింది… ఇద్దరూ గదిలో ఉన్నారు!

మాంత్రికుడి చేతిలో కపాలం గడగడ వణికింది.

“ఆగు! నేను నీ ప్రభువుని! నిన్ను సృష్టించింది నేను!”

“నన్ను కన్నది మా అమ్మ” అందామె. “అరవమని అరవమని ఎన్నేళ్ళు చంపావురా! ఇక నీ వంతు. గట్టిగా అరువు!”

వాడి మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నచోట పొగ లేచింది. వాడు కుర్చీ పట్టుకున్నాడు, బల్ల పట్టుకున్నాడు, నేల గీరాడు… ఎండుటాకుని విసిరినట్టు ఆమె వాణ్ణి దుప్పటిలోకి విసిరేసింది!

భూగృహంలో ఇప్పుడు వాడొక్కడే. చువ్వల మధ్య నోరు తెరిచి, లోపలినుంచి తెరని బాదుతున్నాడు. చప్పుడు లేదు. టకటకమంటున్న రీలు హఠాత్తుగా చిక్కుకుంది. దీపపు వేడికి బొమ్మ నడుమ గోధుమరంగు మచ్చ… పొంగి, బుడగలు కట్టి, వాడి నోటినీ, కళ్ళనీ, తెరని బాదుతున్న చేతుల్నీ మింగింది! ప్రొజెక్టర్ మీద భగ్గున మంట! నర్సు దుప్పటి లాగి మంట మీద కప్పింది. వాడి చేతిలోంచి నేల మీదకి దొర్లిన కపాలం పగిలి పిండిపిండిగా రాలింది.

ఇంటాయన నిద్రలోంచి లేచినట్టు ఉలిక్కిపడ్డాడు. మరుక్షణం ఏడుస్తూ భార్య చేతులు పట్టుకున్నాడు.

“నాకంతా కనిపించిందే… నువ్వు కొట్టుకోవడం కనిపించింది. కానీ నేను నవ్వుతూ కూర్చున్నాను!”

ఆమె చేతులు విడిపించుకుంది. కసరలేదు, ఊరడించనూ లేదు.

“తర్వాత మాట్లాడుకుందాం. ముందు కిటికీ తెరవండి. ఆవిడకి గాలి కావాలి.”

ఈసారి రెక్క తేలిగ్గా తెరుచుకుంది. వాన హోరున లోపలికి కొట్టింది. స్తంభం మీద గుడ్లగూబ లేదు. బూడిదరంగు చీరలో ఆ స్త్రీ కిటికీ దగ్గరికి నడిచి, చేయి బయటకి చాచింది. చినుకులు కట్టు మీద పడ్డాయి.

“చల్లగా ఉంది” అంది చిన్నపిల్లలా. తర్వాత తన చీర వైపు చూసుకుంది. “ఆ రోజు ఏ రంగు చీర కట్టుకున్నానో మరిచిపోయాను. నలుపూ తెలుపేగా అంతా… ఏ రంగు చెల్లీ?”

తడిసినచోటల్లా బూడిద కరిగి, కుచ్చిళ్ళ మీదకి రంగు పాకుతోంది.

“నెమలికంఠం రంగు అక్కా. జరీ అంచు.”

“అవును!” ఆమె మొదటిసారి నవ్వింది. “నేనే ఏరుకున్నాను, దుకాణమంతా తిరగేయించి మరీ.”

మెరుపు మెరిసింది. కిటికీ దగ్గర ఎవరూ లేరు.

జల్లు గదిలోకి పడుతూనే ఉంది. చాలాసేపటివరకూ వాళ్ళిద్దరిలో ఎవరూ ఆ కిటికీ మూయలేదు.