'వద్దు' దగ్గర టిక్కు

తొలి శనివారమే ఇద్దరికీ చెడింది. తాము చదువుకున్న కాలేజీకే మళ్లీ వచ్చి, ఉద్యోగాల వేటలో ఉన్న ఆఖరి ఏడాది పిల్లలకు ఇంటర్వ్యూలు నేర్పే పని అది. జీతం లేదు, టీ మాత్రం ఇస్తారు. ఒక్కో బల్ల దగ్గర ఇద్దరేసి పూర్వ విద్యార్థులు. అతను లిఫ్టులు బిగించే కంపెనీలో ఇంజనీరు కాబట్టి పిల్లలకు లిఫ్ట్ సార్. ఆమె నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది కాబట్టి ల్యాబ్ మేడం. వచ్చీ రాగానే అతను ఒక అమ్మాయిని ప్రశ్న మీద ప్రశ్న వేసి ఉక్కిరిబిక్కిరి చేశాడు. ఆ పిల్లను కాస్త ఊపిరి పీల్చుకోనిస్తారా సీనియర్ గారూ, లేక దానికీ మార్కులు కోస్తారా అని పక్కనుంచి ఆమె అడిగింది. పిల్లలు పగలబడి నవ్వారు. లిఫ్ట్ సార్ ముఖం కందగడ్డ అయింది.

మూడు నెలలు తిరిగేసరికి ఆ మనిషే సోమవారం నుంచీ శనివారం కోసం ఎదురుచూడసాగాడు. ఆమె రెజ్యూమేలు దిద్దుతూ తనలో తాను గొణుక్కోవడం, జల్లు పడితే కిటికీ మూయకుండా కాగితాలనే ఇటు జరుపుకోవడం, అన్నీ అతనికి కంఠతా వచ్చేశాయి. చెప్పడానికి మాత్రం నోరు పెగలలేదు. ధైర్యంగా మాట్లాడమని పిల్లలకు క్లాసులు పీకే మనిషికి ఇదేం ఖర్మో!

ఆఖరి శనివారం కో-ఆర్డినేటర్ మేడం అందరికీ ఫారాలు పంచింది. వచ్చే ఏడాది కూడా ఇదే జోడీతో కూర్చుంటారా అన్నది చివరి ప్రశ్న. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక రూలు. భార్యాభర్తలు ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదు. ఇద్దరి మాటా ఒకటే అయిపోయి పిల్లల మార్కులు తారుమారవుతాయట.

అతను రెండుసార్లు చదివాడు. వచ్చే ఏడాదిలోగా ఎలాగైనా అడిగేయాలి, ఆమె ఒప్పుకోవాలి, పెళ్లయిపోవాలి. అప్పుడు ఈ బల్ల కుదరదు కదా. నిజాయితీగా 'వద్దు' దగ్గర టిక్కు పెట్టేశాడు. కారణం రాయమన్న చోట ఏమని రాస్తాడు? ఖాళీగా వదిలేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అచ్చంగా అదే.

కో-ఆర్డినేటర్ మేడం మంచి మనిషే కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పావుగంటలో కబురు ల్యాబ్ మేడం చెవిన పడింది. ఆమె వచ్చే ఏడాది జాబితాలో తన పేరే తీసేయమని చెప్పి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. పిల్లలు ఆ సంగతి లిఫ్ట్ సార్‌కు చెప్పారు. ఈ శనివారాలు పోతే ఆమె మళ్లీ ఎక్కడ కనపడుతుంది? లిఫ్టుల మీద బతికే మనిషి లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులూ మెట్ల మీదే దిగాడు.

వాన జోరు తగ్గాక వెళదామని ఆమె స్కూటర్ల షెడ్డులో నిలబడి ఉంది.

"నాతో కూర్చోవడం అంత ఇబ్బందిగా ఉంటే ముఖం మీదే చెప్పొచ్చుగా."

గొంతులో కోపం లేదు, బాధే ఉంది. అది విన్నాక అతని భయం ఎటు పోయిందో పోయింది.

"ఇబ్బంది కాదండీ. భార్యాభర్తలు ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదని రూలు ఉంది. అందుకే వద్దని పెట్టాను."

ఏ భార్యాభర్తలని అడగబోయి ఆమె ఆగిపోయింది. అర్థమయ్యాక చెవులదాకా ఎర్రబడింది.

"ముందు నన్ను అడగాలని తెలీదా?"

"తెలుసు. మూడు నెలలుగా అడుగుదామనే చూస్తున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె గొడుగు అతని చేతిలో పెట్టి గబగబా వెనక్కి మెట్లెక్కింది. అతను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెంటపడ్డాడు. పైన కో-ఆర్డినేటర్ మేడం ఫారాలు కట్ట కడుతోంది. ల్యాబ్ మేడం తన పేరు ఉంచేయమని చెప్పి, తన ఫారం ఒకసారి ఇమ్మంది. అందులో 'కూర్చుంటాను' దగ్గర ఇంత పెద్ద టిక్కు ఉంది. దాన్ని కొట్టేసి 'వద్దు' దగ్గర పెట్టింది. కారణం రాయాల్సిన చోట, రూలు ఒప్పుకోదు కాబట్టి, అని రాసింది.

అది చదివి లిఫ్ట్ సార్ దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు. హమ్మయ్య అనడానికి కూడా ఊపిరి చాల్లేదు.

"లేవండి," అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ. "అమ్మా నాన్నా ఇంట్లోనే ఉన్నారు. ఇక ఇంటర్వ్యూ ఇవ్వాల్సింది మీరే."