పసుపు వరుస

ఆ ఉదయం డయాలసిస్ కేంద్రంలో టెక్నీషియన్ ఢిల్లేశ్వరరావు చేయాల్సినవి: యంత్రంలో చోటు ఖాళీ చేయాలి. నిన్నటి ప్రోగ్రాము కూర్పు తాలూకు తునకలు చెరపాలి. కూర్పులోని ఎనిమిది పనులు ఒకేసారి కాకుండా ఒక్కొక్కటే నడపాలి. ఏడు గంటలకల్లా, కిడ్నీలు చెడిన దమయంతమ్మకు రక్తశోధని తగిలించాలి.

మొదటి మూడూ చేశాడు. తెర మీద మళ్లీ ఎర్ర వరుసే: కూర్పు ఆగిపోయింది.

"ఏటి బావూ, నీ యంత్రానికి ఇంకా తెల్లారనేదేటి?" అంది దమయంతమ్మ. నవ్వింది గానీ ఆయాసపడుతోంది. మొన్న రావలసిన మనిషి, బస్సు లేక రాలేదు. కాళ్లు ఉబ్బిపోయాయి.

"కూసోమ్మా, అయిపోతాది."

పలాసలో రక్తశోధని అయినా, నీళ్ల మోటారైనా రోజూ తెల్లవారగానే తన ప్రోగ్రామును మూలపాఠం నుంచి తానే కూర్చుకోవాలి. దొంగ మార్పులు దూరకుండా పెట్టిన నియమం అది. ప్రోగ్రాములోని ప్రతి పాఠానికీ ఒక సంరక్షకుడు ఏడాదికోసారి సంతకం చేయాలి. గడువు దాటితే, పాఠాలను కలిపి కూర్చే కూర్పరి ఆ పాఠాన్ని ముట్టదు.

టెక్కలి కేంద్రానికి ఫోన్ చేశాడు. అక్కడా ఇదే ఎరుపు.

ఆగింది బుడగకావలి దగ్గర. గొట్టంలో ప్రాణం తీసే గాలి బుడగ కనిపిస్తే రక్తాన్ని ఆపేసే చిన్న పాఠం అది. దాన్ని వదిలేసి కూర్చితే యంత్రం నడుస్తుంది. అతని వేలు మీట దాకా వెళ్లింది. దమయంతమ్మ చేతి నరాన్ని చూసి వెనక్కి తీసుకున్నాడు.

తప్పు చివరి వరుసలో ఉండదు, పైకి వెళ్లి చూడమని శిక్షణలో చెప్పారు. తెరను పైకి జరిపాడు. అక్కడొక పసుపు వరుస ఉంది. పసుపంటే హెచ్చరికే, కూర్పును ఆపదు కాబట్టి ఎవరూ చదవరు. అతనూ మూడేళ్లుగా చదవలేదు. ఇప్పుడు పైకే చదివాడు.

"ఒంట్లో బాగుండడం లేదు. ఈ పాఠాన్ని ఎవరైనా చేపట్టండి. ఇంటికి వస్తే వివరిస్తాను. బల్లెడ సుభాషిణి, మందస."

"ఓలమ్మ! సుబాసినమ్మా? లెక్కల టీచరమ్మ. నాతోపాటే బస్సులో వచ్చీది. ఆ నాలుగో మంచం మీదే పడుకునీది. పోయి నాలుగు నెల్లయిపోనాది బావూ."

ఆమె ఆఖరి సంతకం గడువు నిన్నటితో తీరింది.

అతనికి ఆమె గుర్తుంది. సూది గుచ్చుతుంటే ప్రతిసారీ అడిగేది, "పసుపు ఏమైనా వచ్చిందా నాయనా?" అని. "వస్తాదండి, అదేం పర్లేదు" అనేవాడు. ఆమె ఊరుకునేది. పాఠాన్ని ఎవరికీ అంటగట్టకూడదు, చదివినవాళ్లే అడిగి తీసుకోవాలి. సంరక్షకుల మర్యాద అది. మూడేళ్లూ ఆమె రాసిన కావలే ఆమె రక్తాన్ని కాసింది.

తనలా అర్హత పత్రం ఉన్న ఎవరైనా చేపట్టవచ్చు, మొత్తం చదవాలి అంతే. రెండు వందల పన్నెండు వరుసలు. మధ్యలో ఒకచోట ఆమె రాసుకున్న మాట: "ఇక్కడ తొందరపడకు. అవతల మనిషి ఉన్నారు." అతను తొందరపడలేదు. చివర సంరక్షకుడిగా తన పేరు రాశాడు.

ఎనిమిదింబావుకు యంత్రం తిరిగింది. దమయంతమ్మ కళ్లు మూసుకుని, "టీచరమ్మ పనిమంతురాలే" అంది.

నియమం రాసినవాళ్లు దొంగలను ఊహించారు. సంరక్షకులకూ జబ్బు చేస్తుందని ఊహించలేదు. రేపు మీ తెర మీదా ఒక పసుపు వరుస జారిపోతుంది. ఆగి, కింద ఉన్న పేరు చదవండి. చదివినప్పుడు, మందస సుభాషిణమ్మను ఒక్కసారి తలుచుకోండి.